నంబరు కింద గీత

మా ఇంటిని చంపింది మీ ఫారం. అందులో గోడకు ఒక గడి ఉంది, కప్పుకు ఒక గడి ఉంది, నేలకు ఉంది, మరుగుదొడ్డికి కూడా ఉంది. కంబానికి లేదు. నాలుగు వందల ఏళ్లకు పైబడి ఇరవై నాలుగు కంబాల మీద నిలబడ్డ ఇంటిని మీరు ‘మట్టి గోడ, పెంకు కప్పు, కచ్చా’ అని రాసుకొని, చాయ్ తాగి, జీపెక్కి పోయారు. ఆ చాయ్ పెట్టింది నేనే. చక్కెర తక్కువైందని ఒకరు మళ్లీ అడిగి వేయించుకున్నారు కూడా.

పోయిన ఎండాకాలం సంగతి ఇది.

మాది ఇప్పలగడ్డ. రామగుండం నుంచి గోదావరి వైపు పోతే వస్తుంది. వస్తుంది అంటున్నాను, అలవాటు పోలేదు. ఊరికి మూడు పక్కలా ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని గుంత, నాలుగో పక్క ఆ గుంతలోంచి తీసి పోసిన మట్టిగుట్ట. రోజూ మధ్యాహ్నం రెండింటికి బ్లాస్టింగ్. సైరన్ మోగగానే మా మామ గట్టయ్య లేచి, చావడి నడిమి కంబం మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. భూమి అదిరేది. గోడల మీంచి మట్టి రాలేది. కంబాలు ఒక్కసారి కిర్రుమని ఊరుకునేవి. అప్పుడు చెయ్యి తీసి, “ఏం ఫికర్ లేదు,” అని కూర్చునేవాడు.

ముప్పై నాలుగేళ్లు బాయిలో టింబర్‌మన్‌గా పనిచేశాడాయన. బొగ్గు తీసిన చోట పైన రాయి కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆయనకు తెలిసిన శాస్త్రం ఒక్కటే. “కట్టె చెప్తది బిడ్డా. కూలే ముంగట కిర్రుమంటది, ఉరికేటందుకు మనిషికి టైమిస్తది. ఇనుము ఒక్క మాట చెప్పది.”

ఆయన కొడుకు, అంటే మా ఆయన శివ, అదే ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతాడు. ఊరిని తినే గుంతలోంచి ఊరి పక్కకే మట్టి మోస్తాడు. నేను నిర్వాసితుల కమిటీ పెట్టి ధర్నాలో కూర్చుంటే, ఆయన ఆ టెంటు ముందు నుంచే షిఫ్టుకు పోయేవాడు. “నన్ను ఇందుల ఇరికియ్యకు సంధ్యా. నాకు డ్యూటీ ఉన్నది,” అనేవాడు. మూడు పూటల్లో ఒక పూట మా ఇంట్లో మాటలుండేవి కావు.

ఉగాది దాటిన వారానికి, ఇళ్లకు పరిహారం లెక్కకట్టే సర్వే వాళ్లొచ్చారు. ఆఫీసరు పేరు రాంప్రసాద్. చిన్నవాడు, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. వేలి కణుపుతో గోడను కొట్టి చూశాడు.

“మట్టి గోడ. పెంకు కప్పు. కచ్చా,” అన్నాడు చేతిలో ట్యాబు మీద వేలితో పొడుస్తూ.

“గోడనెందుకు కొడ్తున్నవ్ సారు?” అన్నాడు మామ. “గోడ ఏం మోస్తలేదు. గాలికి అడ్డం పెట్టినం, అంతే. కంబాన్ని కొట్టు.”

“దానికి ఇందులో గడి లేదండీ.”

“గడి దొరలకుంటది. మాది చావడి.”

గడి అంటే మా వైపు దొర ఉండే కోట. ఆఫీసరుకు నవ్వొచ్చింది. మామకు రాలేదు. దొడ్లోకి పోయి గడ్డపార పట్టుకొచ్చాడు. నేను “మామా, ఆగు,” అనేలోపు తూర్పు వరుసలో రెండు కంబాల నడుమ గోడను పొడవడం మొదలుపెట్టాడు. నాలుగు పోట్లకు మనిషి పట్టేంత కంత పడింది. పది పోట్లకు గోడ కూలిపోయింది. బయటి ఎండ నేరుగా చావడిలోకి వచ్చి పడింది.

“సూడు సారు. గోడ వోయింది. ఇల్లు వడ్డదా?”

దుమ్ములో నిలబడి ఆ పిల్లగాడు పైకి చూశాడు. దూలం అక్కడే ఉంది. కప్పు అక్కడే ఉంది. ఒక్క పెంకు జారలేదు. అర్థమైందనే అనుకున్నాను, వాడి మొహంలో కనిపించింది. తర్వాత ట్యాబు తీసి ఇంకేదో పొడిచాడు. పక్క నుంచి తొంగి చూశాను.

‘గోడ స్థితి: శిథిలం.’

“కళ్లతో చూసిందే రాయాలి కదమ్మా,” అన్నాడు.

ఆ వారమే గోదావరిఖని పోయి పట్టాభిరామయ్య గారిని పట్టుకొచ్చాను. గుంటూరు వైపు మనిషి. యాభై ఏళ్ల కింద ఇక్కడికొచ్చి, గనుల నక్షలు గీసే ఉద్యోగంలోనే రిటైరయ్యాడు. ఇంటి నక్ష గీసి, దాని వయసు రాసి, అర్జీకి జతచేస్తే గడి లేకపోయినా ఎవరో ఒకరు చదువుతారని నా ఆశ. ఊళ్లో వడ్రంగం చేసే బిక్షం కాకను కూడా పిలిచాను. ఆయనకూ మామకూ యాభై ఏళ్ల పోట్లాట. కట్టె గురించి ఎవరికి ఎక్కువ తెలుసన్నదే ఆ పోట్లాట.

పట్టాభిరామయ్య గారు టేపు పట్టుకొని రెండు రోజులు ఇల్లంతా పాకాడు. చావడి మీద మాకు అటక ఉంది. జొన్నలూ మిరప బస్తాలూ వేసుకునేవాళ్లం. ఆయన నిచ్చెనేసుకొని అటక మీదికెక్కి, అక్కడి నుంచి కప్పులోకి టార్చి కొట్టి, కిందికి దిగి తన అరచేతులు చూపించాడు. నల్లగా ఉన్నాయి.

“అమ్మాయ్, మీ పొయ్యి ఎక్కడ?”

“వెనుక వంటింట్ల సార్.”

“మరి అటక పైన వాసాలకు ఇంత మసేవిటమ్మా? అటక కింద చూస్తే చుక్క మసి లేదే.”

ఆయనే చావడి నడుమ నిలబడి చెప్పాడు. ఈ ఇల్లు కట్టిన రోజున అటక లేదు. నేల నుంచి కప్పు కొన మొగురం దాకా ఖాళీగా ఉండేది. చావడి మధ్యలోనే పొయ్యి. చుట్టూ మనుషులు తినేవాళ్లు, పడుకునేవాళ్లు, పంచాయితీ చేసేవాళ్లు. పొగ నేరుగా పైకి పోయి పెంకుల సందుల్లోంచి బయటపడేది. అటక ఎప్పుడో తర్వాత వచ్చింది.

“నిజమేనా సూద్దాం,” అని మామ మళ్లీ గడ్డపార తెచ్చాడు. ఆయన చూపించిన చోట జానెడు తవ్వగానే కాలి ఎర్రబడిన మట్టి, దాని కింద బూడిద. నేను అక్కడే పద్నాలుగేళ్లు చాప పరుచుకొని బియ్యం ఏరాను.

బిక్షం కాక అప్పటికే కంబాలను తడుముతున్నాడు. గుడ్డివాడిలా కళ్లు మూసుకొని తడుముతున్నాడు.

“రంపం ముట్టలే. అటక కట్టెలకు రంపం కోత ఉన్నది, కంబాలకు లేదు. బాడిశతోని చెక్కిండ్రు. నా అసుంటోడే ఎవ్వడో. నా కంటె మంచిగ జేసిండు.”

“గా మాట నీ నోటెంట రానీకి ఇల్లు కూలగొట్టుడు దాక వచ్చింది,” అన్నాడు మామ.

“నీ బాయి దుంగలు గాదు బావా ఇవి. గివి అతుకులు. ఇండ్ల ఇనుప మొల ఒక్కటి సూపియ్యి.”

లేదు. దూలం కొసను నాలుకలా చెక్కి, కంబంలో బెజ్జం తొలిచి, అందులో దూర్చి, అడ్డంగా సండ్ర కట్టె చీల కొట్టారు. ప్రతి అతుకు దగ్గరా ఉలి గాట్లున్నాయి. కంబం మీద మూడు గాట్లుంటే దానికి అతికే దూలం మీదా మూడే. తూర్పు వరుసకు ఉత్త గాట్లు. పడమటి వరుస గాట్ల పక్కన చిన్న కాకికాలు గుర్తు. కొన్ని అరిగిపోయి వేలికి మాత్రమే అందుతున్నాయి. చిన్నప్పుడు ఎలుకలు కొరికాయనుకున్నానని మామ చెప్పాడు.

“కింద నేల మీద మొత్తం కూర్చి చూసుకొని, గుర్తులు పెట్టి, విప్పి, మళ్లీ నిలబెట్టారండీ,” అన్నాడు పట్టాభిరామయ్య గారు. “ఇది కట్టిన ఇల్లు కాదు గట్టయ్యగారూ, కూర్చిన ఇల్లు.”

“ఎన్నేండ్లది సార్?” అన్నాను. నాకు కావలసింది అదే.

“నాలుగు వందలకు తగ్గదనుకుంటాను. కానీ నేననుకుంటే చాలదుగా, కాగితం కావాలి.”

అప్పుడు బిక్షం కాక ఏడో కంబం దగ్గర ఆగిపోయాడు. తూర్పు వరుసలో ఏడోది. దాని మీద కాకికాలుంది. పడమటి వరుసలో ఉండాల్సిన కంబం తూర్పు వరుసలో ఉంది. దాని ఒంటి మీద వాడని బెజ్జం ఒకటి, చెక్కముక్కతో మూసేసి ఉంది.

“దీన్ని ఒకపారి విప్పిండ్రు బావా,” అన్నాడు మెల్లగా. “మల్ల నిలవెట్టేటప్పుడు గిదొక్కటి తారుమారైంది.”

మామ మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. వాళ్ల నాయనమ్మ అంటుండేదట, ఏ కాలంలోనో పెద్ద వరదొస్తే మనోళ్లు గోదావరి ఆ దరి నుంచి ఈ దరికి ఇల్లు మోసుకొని వచ్చారని. ఇల్లు మోసుకొని అంటే గిన్నెలూ గంపలూ పిల్లలూ అని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. అందరూ అనే మాటే కదా అది. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నిజంగానే ఇల్లును మోసుకొచ్చారు.

“మల్ల మోస్తం,” అన్నాడు మామ.

ఆ క్షణం నుంచి మాకు కావలసింది మారిపోయింది. గడి సంగతి తర్వాత. ఇల్లు విప్పుకోవడానికి నెల రోజులు, పునరావాస కాలనీలో నిలబెట్టుకోవడానికి ఒక ప్లాటు. అంతే.

పెద్దపల్లి భూసేకరణ ఆఫీసుకు పోయి అర్జీ ఇచ్చాను. పట్టాభిరామయ్య గారి నక్ష జతచేశాను. రాంప్రసాద్ ఆ నక్షను చాలాసేపు చూశాడు. “విప్పుకోండమ్మా, దానికేముంది,” అన్నాడు. “ప్లాటు ఫైలు నడుస్తోంది. రాగానే ఫోన్ చేస్తాను.”

“విప్పుకోమని రాసియ్యండి.”

“చెప్పాను కదమ్మా.”

నేను కాగితం లేకుండా ఆఫీసు మెట్లు దిగని మనిషిని. రసీదు మీద స్టాంపు సరిగ్గా పడలేదని గుమాస్తాతో గంట కొట్లాడిన మనిషిని. ఆ రోజు సంతోషంలో వట్టి చేతులతో దిగాను. ఇందులో నా పాలు అది.

మర్నాడే పని మొదలైంది. విప్పే ముందు ప్రతి కట్టెకూ గుర్తు పెట్టాలి. పాత గుర్తులు సగం అరిగాయి.

“ఉలితోని చెక్కుదాం,” అన్నాడు బిక్షం కాక. “వాళ్లు జేసినట్టే.”

“గట్లయితే పండుగ దాక చెక్కుకుంట కూసుంటవ్. సున్నంతోని రాస్త. టింబర్ యార్డుల ఏండ్లకేండ్లు గదే రాసిన,” అన్నాడు మామ.

రాశాడు. సున్నం బొక్కెన నేను పట్టుకున్నాను. పెద్ద పెద్ద అంకెలు, ఒక్కో అంకె కింద అడ్డంగా ఒక గీత. గీత ఎందుకని నేనడగలేదు. చేతిరాత అట్లాంటిదనుకున్నాను. ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడు అని శివను పిలిచి చూపించాను కూడా. కంబాలు, దూలాలు, వాసాలు అన్నీ కలిపి నూట పన్నెండు.

“ఏడోదాన్ని ఈసారన్న దాని జాగల పెడ్దామా?” అనడిగాడు బిక్షం కాక.

“వద్దు. గా జాగ దానికి అలవాటైంది,” అన్నాడు మామ.

పంతొమ్మిది రోజులు పట్టింది. ఊళ్లో మిగిలిన నలభై గడపల వాళ్లూ వచ్చి తాళ్లు పట్టారు. శివ సెలవు పెట్టి వచ్చాడు. అడక్కుండానే వచ్చాడు. చీలలు కొడితే పళ్లు ఊడినట్టు ఊడొచ్చాయి, ఒక్క అతుకూ విరగలేదు. బిక్షం కాక ప్రతి చీలనూ గుడ్డలో మూటగట్టి, బిడ్డ నగల్లా తన దగ్గరే పెట్టుకున్నాడు. కట్టెనంతా రోడ్డు పక్కన నంబర్ల వరసలో పేర్చి గడ్డి కప్పాం. మేం బడి గదిలోకి మారాం. కంబాలు తీసిన రెండో రోజు బ్లాస్టింగుకు, ఉత్తగా నిలబడ్డ గోడలు వాటంతట అవే కూర్చుండిపోయాయి. మామ చూసి, “జెప్తి గద,” అన్నాడు. సంతోషంగానే అన్నాడు.

మే నెలాఖరున పెద్దపల్లి నుంచి ఫోన్ వచ్చింది, ప్లాటుకు సంతకం పెట్టాలని. మామా నేనూ పొద్దున బస్సెక్కాం. శివ మొదటి షిఫ్టుకు పోయాడు. బిక్షం కాక చుట్టాలింట్లో పెళ్లికి పోయాడు. ఆఫీసులో సార్ మీటింగులో ఉన్నాడు. సాయంత్రం నాలుగింటి దాకా ఫ్యాను లేని వరండాలో కూర్చున్నాం. నాలుగింటికి, ఫైలు పైకి పోయింది, రేపు రండి అన్నారు.

ఇప్పలగడ్డ మలుపులో బస్సు దిగేసరికి రోడ్డు పక్కన కట్టె లేదు. దాని కింద నలిగిన గడ్డి పసుపు పచ్చగా, పొడుగ్గా, కట్టె పేర్చిన ఆకారంలో ఉంది. సున్నం పొడి రాలి ఉంది.

పక్కింటి సమ్మవ్వ ఎదురొచ్చింది. “కట్టె డిపో అంజి అచ్చిండు గదా బిడ్డా, రెండు లారీలు వట్టుకొని. ఒక్కటొక్కటి పైలంగ ఎక్కిచ్చిండు. మీరే పంపిండ్రనుకున్న. ఎండల పనిజేస్తండ్రని చాయ్ గూడ ఇచ్చిన.”

వెనకాలే శివ బండి దిగాడు, నవ్వుమొహంతో. “ప్లాటు దొరికిందా? పొద్దుగాల డంపర్ల నుంచి లారీలు సూసిన. హారన్ గూడ గొట్టిన.”

నేను ఖాళీ జాగ వైపు చెయ్యి చూపించాను. ఆయన నవ్వు కొంచెంసేపు అట్లాగే ఉండి, తర్వాత పోయింది.

బసంత్‌నగర్ తోవలో ఒక కట్టె డిపో ఉంది. ఖాళీ చేసిన ఇళ్ల పాత కట్టెనంతా ఎత్తుకుపోయే కాంట్రాక్టరుది. పొద్దున్నే అక్కడున్నాం. గేటు మూసి ఉంది. కమ్మీల సందుల్లోంచి మా ఇల్లు కనిపించింది. లోపల రంపం మిషను నడుస్తోంది.

అంజి బయటికొచ్చాడు. యాభై దాటినవాడు. ఒకప్పుడు టింబర్ యార్డులో మామ కింద పనిచేశాడు, ఇప్పుడు ఈ డిపోలో కట్టె ఎక్కించే మేస్త్రీ. మామను చూడగానే చేతులు తుడుచుకొని వంగి మోకాళ్లు ముట్టాడు.

“కాకా, నువ్వెందుకచ్చినవ్? ఒక్కటి గూడ దెబ్బ తగులకుంట తెచ్చిన. ఒకటి నుంచి నూట పన్నెండు దాక నీ నంబర్ల వరుసనే ఎక్కిచ్చిన.”

“ఎవలు ఎక్కియ్యమన్నరన్నా?” అన్నాను నేను. గొంతు లేచింది. “ఏ కాగితం సూసి ఎక్కిచ్చినవ్?”

అంజి నావైపు కాదు, మామవైపు చూశాడు. అయోమయంగా.

“ఏందక్కా గట్లంటవ్? లిస్టుల మీ ఇల్లు శిథిలం అని ఉండె. పోయి సూస్తే ఇల్లే లేదు. కట్టె తోవ పొంటి ఉన్నది, నంబర్లున్నయ్, గట్టయ్య కాక చేతిరాతనాయె. కింద గీత గూడ ఉన్నది.” మామవైపు తిరిగాడు. “నువ్వే నేర్పితివి గద కాకా. ఉత్త నంబరుంటే యార్డుల ఉండేది. కింద గీత గీస్తే పాసైనట్టు, బయటికి పంపుమన్నట్టు. గీత లేకుంటె నేను ముట్టకపోదును.”

రంపం మిషను ఆగింది. మళ్లీ మొదలైంది.

నేను తిట్టడానికి నోరు తెరిచాను. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు, సైరన్ మోగినప్పుడు కంబం మీద వేసినట్టు.

“వానిననకు బిడ్డా. వాడు మంచిగనే సదివిండు,” అన్నాడు. “నేనే రాసిన.”

ఆ తర్వాత జరిగినవన్నీ మీకు తెలుసు. తెలియనట్టు నటించకండి. అంజి ఆ పూటే మిషను ఆపించాడు, దానికి పని పోగొట్టుకున్నాడు. అప్పటికే ఏడు వాసాలు పలకలయ్యాయి. మిగిలిన నూట ఐదూ డిపోలోనే ఉన్నాయి. డిపో వాళ్లు పెద్దపల్లి కాగితం తెమ్మన్నారు. పెద్దపల్లిలో, మీ ఇల్లు కచ్చా, శిథిలం, అందులో కంబాలున్నట్టు మా రికార్డులో లేదు, లేని కట్టెను ఎట్లా తిరిగిప్పించాలి అన్నారు. నేను పట్టాభిరామయ్య గారి నక్ష చూపించాను. ప్రైవేటు నక్ష చెల్లదన్నారు. డిపో ముందు కూర్చున్నాను. పోలీసులు వచ్చి లేపారు. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేపారు. శివ ఇప్పుడు షిఫ్టు దిగి నేరుగా వచ్చి నా పక్కన కూర్చుంటున్నాడు. యూనిఫాంతోనే. ఇద్దరం కూర్చుంటే ఇద్దరినీ లేపుతున్నారు, అంతే తేడా.

వానలు పడ్డాయి. గేటు బయటి నుంచి చూస్తుండగానే సున్నం కారిపోయింది. నంబర్లు పోయాయి, గీతలు పోయాయి.

మామ ఇప్పుడు కాలనీలో అద్దె గదిలో ఉంటున్నాడు. స్లాబు ఇల్లు. మీ లెక్కలో పక్కా. బ్లాస్టింగ్ చప్పుడు అక్కడికీ వినిపిస్తుంది. మొదట్లో అలవాటుగా లేచి గోడ మీద చెయ్యి పెట్టేవాడు. కాసేపు విని, తీసేసేవాడు. ఒకరోజు, “ఏం జెప్తలేదు బిడ్డా,” అన్నాడు. ఆ తర్వాత లేవడం మానేశాడు.

ఇక వినండి. రంపం ఆ కట్టెను ముట్టొద్దు. మీ ఫారం చింపి, కంబాన్ని కంబమని రాసి, మళ్లీ సంతకం పెట్టండి. ప్లాటు ఫైలు పైకి పోయిందన్నారు, ఎంత పైకి పోయిందో అక్కడి నుంచి కిందికి దింపండి. సున్నం పోతే పోయింది, ఉలి గాట్లు వానకు పోవు. చీలల మూట బిక్షం కాక ఇంట్లో ఉంది. నలభై గడపల మనుషులం ఎక్కడెక్కడున్నా తాళ్లు పట్టుకొని వస్తాం. లారీ కూడా అడగడం లేదు, మోసుకుపోతాం. మావాళ్లు గోదావరినే దాటించారు.

ఆలస్యం చేయొద్దు, ఆయనకు డెబ్బై ఆరేళ్లు. ముందు ఏడో కంబం దింపండి, కాకికాలూ మూసిన బెజ్జమూ ఉన్నది. దాన్ని ఆ తప్పు జాగలోనే మళ్లీ నిలబెట్టాల్సింది ఆయనే. గేటు తీయండి.